43 డిగ్రీల ఎండలో ఐసును నిలిపే పెట్టె ఏది?

మే నెలలో ఏజెన్సీ గూడేలకు టీకాలు తీసుకెళ్లే ఏఎన్‌ఎం భుజాన వేలాడే చిన్న ప్లాస్టిక్ పెట్టెను చాలామంది చూసే ఉంటారు. లోపల నాలుగు గోడలకు ఆనించి నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో టీకా సీసాలు, పైన మందపాటి మూత. కరెంటు లేదు, మోటారు లేదు. అయినా పొద్దున ఆరోగ్య కేంద్రంలో సర్దిన పెట్టె సాయంత్రం దాకా లోపలి చల్లదనాన్ని వదలదు.

ఇలాంటి పెట్టెలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత వేడిలో పరీక్షిస్తుందో తెలుసా? సరిగ్గా 43 డిగ్రీల్లో. గడ్డకట్టిన ఐస్ ప్యాకులు సర్ది, మూత బిగించి, ఆ వేడిలో పెట్టెను వదిలేస్తారు. లోపల అన్నిటికన్నా వెచ్చగా ఉన్న చోటు 10 డిగ్రీలకు చేరడానికి ఎన్ని గంటలు పట్టిందో లెక్కిస్తారు. భుజాన మోసే పెట్టె కనీసం 15 గంటలు తట్టుకోవాలి. దూరాలకు ఉద్దేశించినదైతే 30 గంటలు. వాహనంలో తీసుకెళ్లే పెద్ద కోల్డ్ బాక్సులకు ఈ అంకెలు 48, 96. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలు ముదిరినప్పుడు ఉండే వేడి అది. ఆ వేడిలో నిలిచిందని తేలాకే పెట్టె పిల్లల టీకాలు మోయడానికి అర్హత పొందుతుంది.

ఇంటికోసం కొనే ఐస్ బాక్సుకు అంత కచ్చితమైన లెక్క సాధారణంగా దొరకదు. పెట్టె మీద స్టిక్కరు ‘3 రోజులు’, ‘5 రోజులు’ అంటుంది. ఎంత వేడిలో, ఎంత ఐసు వేసి, మూత ఎన్నిసార్లు తీస్తే అన్నది చాలావాటి మీద ఉండదు. అమెరికా కంపెనీ కోల్‌మన్ తన ఎక్స్‌ట్రీమ్ రకం పెట్టెల మీద ఆ మాట చెప్పింది: 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 5 రోజులని. అంటే మన లెక్కలో 32 డిగ్రీలు. మన వేసవికి 32 అంటే తెల్లవారుజాము. అదే పెట్టెను అదే ఐసుతో 43 డిగ్రీల్లో పెడితే 5 రోజులు కాస్తా 4 రోజులకు లోపే అయిపోతాయి. కంపెనీ అబద్ధం చెప్పినట్టు కాదు. ఆ అంకె మన ఊరి కోసం రాసింది కాదు, అంతే.

కాబట్టి పెట్టె కొనేముందు ఐసు ఎందుకు కరుగుతుందో కొంచెం లెక్కతో చూడటం మంచిది. ఆ లెక్క కష్టమైనది కాదు, కొనుగోలుదారు చేతికి అది మంచి ఆయుధం.

ఐస్ బాక్సు చల్లదనాన్ని పుట్టించదు. బయటి వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ వచ్చిన వేడిని ఐసు తాగేస్తుంది. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ గమనించిన విషయమిది: ఐసు కరుగుతున్నంతసేపూ ఎంత వేడి తగిలినా దాని ఉష్ణోగ్రత పెరగదు, సున్నా దగ్గరే ఉండిపోతుంది. కిలో ఐసు పూర్తిగా నీరు కావడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. సున్నా డిగ్రీల నీటిని ఏకంగా 80 డిగ్రీల దాకా కాచడానికి సరిపోయే వేడి అది. ఐసుకున్న బలమంతా ఇందులోనే ఉంది. గోడల గుండా రోజుకు ఎన్ని కిలోజౌళ్లు చొరబడుతున్నాయో తెలిస్తే, ఎన్ని కిలోల ఐసు పోతుందో తేలిపోతుంది.

ఒక 50 లీటర్ల పెట్టెను తీసుకుందాం. లోపల రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఇంచుమించు అడుగు లోతు. పగలు 43, రాత్రి 30, సగటున 36 డిగ్రీల వేడి అనుకుందాం. గోడల్లో, మూతలో అంతటా రెండంగుళాల పఫ్ ఉంటే (పాలీయురేథేన్ నురగను వ్యాపారులంతా పఫ్ అనే అంటారు) రోజుకు 5 కిలోల లోపు ఐసు కరుగుతుంది. అదే పఫ్ అంగుళం మందమే ఉంటే 9 కిలోలకు దగ్గరగా పోతుంది. అంగుళం థర్మోకోల్ అయితే 12, 13 కిలోలు. 20 కిలోల ఐసు వేస్తే మొదటి పెట్టెలో నాలుగు రోజులు, రెండోదానిలో రెండు రోజులు దాటి, మూడోదానిలో రోజున్నర. ఇదంతా మూత కదపకుండా, సందులేమీ లేకుండా, నీడలో ఉంచితే వచ్చే లెక్క. వాడకంలో ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్కలో మరో అంకె దాగి ఉంది. థర్మోకోల్ గోడ కూడా రెండంగుళాలుంటే కరిగేది రోజుకు 6, 7 కిలోలే. అంటే మందమైన థర్మోకోల్ పెట్టె పలచని పఫ్ పెట్టె కన్నా మెరుగు! విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనూ భీమవరం చుట్టుపక్కలా చేపలూ రొయ్యలూ ఎగుమతి చేసేవాళ్లు తెల్లటి థర్మోకోల్ పెట్టెల్ని వదలకపోవడానికి చవక ఒక్కటే కారణం కాదు. దాని పరిమాణంలో దాదాపు 98 శాతం గాలే. కదలకుండా చిన్న చిన్న గదుల్లో చిక్కుకున్న గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. పఫ్ చేసేదీ ఇంచుమించు ఇదే. దాని గదులు ఇంకా చిన్నవి, మూసుకుపోయినవి, లోపల చిక్కుకున్న వాయువు మామూలు గాలి కన్నా కొంచెం మొండిది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయురేథేన్ ఈరోజు ఇంటి ఫ్రిజ్ గోడల్లోనూ కోల్డ్ స్టోరేజీ ప్యానెళ్లలోనూ ఉంది.

థర్మోకోల్‌కు ఉన్న లోపం మన్నిక. మూలలు విరుగుతాయి, పూసలు రాలతాయి, కొన్ని నెలల తడికి నీరు పీల్చుకుని కాపుదల తగ్గుతుంది. ఒక్క పెళ్లికో ఒక్క ప్రయాణానికో అయితే మంచి ఎంపిక. ఏళ్ల తరబడి వాడాలంటే పఫ్ నింపిన గట్టి ప్లాస్టిక్ పెట్టే కొనాలి.

గట్టిదనం అనగానే ఖరీదైన పెట్టెల ప్రస్తావన వస్తుంది. 2006లో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన యెటి కంపెనీ ఈ వ్యాపారం తీరునే మార్చింది. అచ్చును తిప్పుతూ ఒకే ముక్కగా పోతపోసే పద్ధతిలో చేసిన బరువైన పెట్టెలవి. కొన్ని రకాలకు ఎలుగుబంటి బద్దలుకొట్టలేదన్న ధ్రువీకరణ కూడా ఉంది. డాలస్, హ్యూస్టన్‌లలోని తెలుగువారి పిక్నిక్కుల్లోనూ అలాంటివి కనిపిస్తుంటాయి. ఆ పోత పైపెంకుకు బలమిస్తుంది, పడేసినా పగలదు, పైన కూర్చున్నా వంగదు. ఐసును కాపాడేది మాత్రం ఆ పెంకు లోపలున్న నురగ మందమే. అదే మందం, అదే బిగుతు మూత ఉన్న మామూలు పెట్టె కూడా ఐసును ఇంచుమించు అంతే సేపు నిలుపుతుంది. పడవ మీదా, ట్రక్కు వెనకా ఏళ్లపాటు దెబ్బలు తినే పెట్టె కావాలనుకునేవారు ఆ ధర పెట్టవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు కారు డిక్కీలో పెట్టుకునే కుటుంబానికి ఆ ఖర్చు అనవసరం.

ఇక మూత. దుకాణంలో మోసం జరిగేదంటే ఎక్కువగా ఇక్కడే. చవక పెట్టెల్లో చాలావాటికి గోడల్లో నురగ ఉంటుంది కానీ మూత డొల్ల. రెండు ప్లాస్టిక్ రేకుల మధ్య ఖాళీ తప్ప ఇంకేం ఉండదు. ఎండ నేరుగా పడేది ఆ మూత మీదే. కనుక్కోవడం తేలిక: వేలి కణుపుతో గోడను కొట్టి వినాలి, తర్వాత మూతను కొట్టి వినాలి. గోడ నుంచి మొద్దు చప్పుడు, మూత నుంచి డబ్బా చప్పుడు వస్తే ఆ పెట్టెను అక్కడే వదిలేయడం మేలు.

మూత అంచున రబ్బరు ఉందా, ఉంటే అది పూర్తిగా ఆనుతుందా అన్నది రెండో పరీక్ష. ఒక నోటునో కాగితం ముక్కనో అంచు మీద పెట్టి మూత వేసి క్లిప్పులు బిగించి లాగాలి. కొంచెం బిగువుగా వస్తే రబ్బరు ఆనుతున్నట్టు. జారి వచ్చేస్తే ఆ సందులోంచి చల్లగాలి బయటికీ వేడిగాలి లోపలికీ పోతూనే ఉంటాయి. నాలుగు వైపులా ఇలా చూడాలి. ఇంట్లో అయితే ఇంకో చిట్కా ఉంది: సెల్‌ఫోన్ టార్చి వెలిగించి లోపల పెట్టి, మూత వేసి, గదిలో లైటు ఆర్పేస్తే సందులు వెలుగు గీతలై కనిపిస్తాయి. గోడ ఎంత మందమైనా సందు ఉన్న పెట్టెలో ఐసు వేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

పాతకాలం పుల్ల ఐసు సైకిళ్ల మీది చెక్క పెట్టెను గుర్తున్నవాళ్లు గమనించే ఉంటారు. పెట్టె పెద్దది, నోరు చిన్నది. చెయ్యి దూరేంత నోరు, దాని మీద దట్టమైన మూత. ఐసు తీసే ఆ ఒక్క క్షణం తప్ప అది తెరిచి ఉండేది కాదు. మధ్యాహ్నం ఎండలో వీధులన్నీ తిరిగి అమ్మిన ఆ పెట్టెకు కంపెనీ పేరు లేదు, స్టిక్కరు లేదు. చిన్న నోరు, పైకి తెరుచుకునే మూత ఉన్న పెట్టెలో చల్లగాలి బరువుకు అడుగునే నిలుస్తుంది. పక్కకు తలుపు తెరుచుకునే పెట్టెలో అయితే అది తీసిన ప్రతిసారీ కాళ్ల మీదికి జారిపోతుంది.

ఎంత పెద్ద పెట్టె కొనాలి?

ఈ ప్రశ్నకు జవాబు సముద్రం మీద దొరుకుతుంది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో టస్కనీ అనే ఓడలో 180 టన్నుల సరస్సు ఐసును కలకత్తాకు పంపాడు. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలు ప్రయాణించి చేరేసరికి దాదాపు 100 టన్నులు గట్టిగా మిగిలే ఉంది. ఆ వ్యాపారం నమ్ముకున్నది రంపపు పొట్టు లాంటి మామూలు సరుకులనే. పఫ్ కాదు, థర్మోకోల్ కూడా కాదు. 1842 ప్రాంతంలో మద్రాసు మెరీనా ఒడ్డున ఆ ఐసు దాచడానికి గుండ్రటి గోడలతో ఐస్ హౌస్ కట్టారు. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నిటికీ రాజధాని ఆ మద్రాసే. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది.

పొట్టుతో అంత ఐసు ఎలా నిలిచింది? రాశి పెద్దది కావడం వల్ల. పెట్టె కొలతలన్నీ రెట్టింపు చేస్తే వేడి చొరబడే పైతలం నాలుగు రెట్లవుతుంది, లోపల పట్టే ఐసు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే నిండా ఐసున్న 100 లీటర్ల పెట్టె నిండా ఐసున్న 20 లీటర్ల పెట్టె కన్నా చాలా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. అలాగని అందరూ పెద్దదే కొనకూడదు. పెద్ద పెట్టెలో కొంచెం ఐసు వేస్తే పైతలం పెద్దది, ఐసు చిన్నది, రెండు విధాలా నష్టం. నలుగురి కుటుంబం ఒక పగటి ప్రయాణానికి 20, 25 లీటర్లు చాలు. రెండు రోజుల యాత్రకైతే 45, 50 కావాలి. ఏ సైజైనా సగానికి తక్కువ కాకుండా ఐసుకే కేటాయించే వీలుండాలి. మిగిలిన ఖాళీలో తువ్వాళ్లో, నలిపిన పాత పేపర్లో కుక్కితే లోపల గాలి తిరగదు.

మంచి పెట్టె కొన్నాక కూడా మధ్యాహ్నానికే ఐసంతా నీరైపోయిందని వాపోయేవాళ్లుంటారు. అక్కడ తప్పు చాలాసార్లు పెట్టెది కాదు, అందులో వేసిన సరుకుది. 40 డిగ్రీల వేడి ఎక్కిన లీటరు నీళ్ల సీసాను సున్నాకు దించాలంటే అర కిలో ఐసు కరగాలి. అలాంటి సీసాలు డజను వేస్తే గోడలతో సంబంధం లేకుండానే 6 కిలోల ఐసు ఖర్చయిపోతుంది. రెండంగుళాల పఫ్ పెట్టె రోజంతా ఎండకు పోగొట్టుకునే దానికన్నా అది ఎక్కువ! కాబట్టి కూల్‌డ్రింకులూ మంచినీళ్ల సీసాలూ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాకే పెట్టెకెక్కించాలి. ఇంత లాభం ఇచ్చే పని మరొకటి లేదు, దీనికి రూపాయి ఖర్చు కూడా లేదు.

పెట్టె కూడా అంతే. అటక మీదో మేడ మీది గదిలోనో వేసవంతా కాగిన పెట్టెలో నేరుగా ఐసు పోస్తే, ఆ ప్లాస్టిక్కునూ నురగనూ చల్లబరచడానికే కిలోకు పైగా కరిగిపోవచ్చు. బయల్దేరే ముందురోజు రాత్రి కొంచెం ఐసో చల్లనీళ్లో పోసి మూత వేసి ఉంచి, పొద్దున అది పారబోసి అసలు ఐసు సర్దుకోవాలి.

ఐసు రకం మాటకొస్తే, పెద్ద దిమ్మ నెమ్మదిగా కరుగుతుంది, ముక్కలు త్వరగా చల్లబరుస్తాయి. పది సెంటీమీటర్ల ఘనపు గడ్డను రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కొడితే 64 ముక్కలవుతాయి, గాలికీ సీసాలకూ తగిలే పైతలం నాలుగింతలవుతుంది. రెండూ కలిపి వాడేవాళ్లే తెలివైనవాళ్లు: అడుగున ఫ్యాక్టరీ దిమ్మ, సీసాల చుట్టూ చిన్న ముక్కలు. ఇంట్లో అయితే లీటరు సీసాల్లో మంచినీళ్లు పోసి గడ్డకట్టించడం ఇంకా మంచిది. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది కనుక మెడ దాకా నింపకూడదు. కరిగాక అవే తాగే నీళ్లు, పెట్టెలో బురద ఉండదు.

ఐసు మీద ఉప్పు చల్లితే ఎక్కువసేపు నిలుస్తుందన్న నమ్మకం చాలాచోట్ల ఉంది. అది తప్పు. ఉప్పు కలిసిన ఐసు సున్నా కన్నా బాగా కిందికి చల్లబడుతుంది, కానీ త్వరగా కరుగుతుంది. కుల్ఫీ బండివాళ్లకు కావలసింది ఆ తీవ్రమైన చల్లదనం కాబట్టి వాళ్లు ఉప్పు వేస్తారు. ఐసు మిగలాలనుకునేవారికి ఉప్పుతో పనిలేదు.

కొనే ఐసు నోట్లోకి వెళ్లేదో, దేనికి తగిలేదో చూసుకోవాలి. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ఆదేశించింది. రంగున్న ఐసును చెరకు రసంలోకీ సోడాలోకీ, చేపల మీదికీ రానివ్వకూడదు. రంగు లేనంత మాత్రాన మంచినీటి ఐసే అనుకోవడమూ పొరపాటే. నమ్మకమైన చోట అడిగి కొనాలి.

కరిగిన నీటిని పారబోయాలా ఉంచాలా అన్నది ఐస్ బాక్సు వాడేవాళ్లందరికీ వచ్చే సందేహం. లోపల మూసిన సీసాలు, డబ్బాలు మాత్రమే ఉంటే ఉంచేయాలి. ఆ నీరు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, సీసాకు ఐసు ముక్క కన్నా బాగా అంటుకుని చల్లబరుస్తుంది. చేపలో మాంసమో ఉంటే లెక్క వేరు. నెత్తురు కలిసిన ఆ నీటిలో నానితే చేప పాడవుతుంది కాబట్టి అడుగున బిరడా తీసి ఎప్పటికప్పుడు వదిలేయాలి. అందుకే చేపల కోసం కొనేవారు నీరు పూర్తిగా దిగిపోయేలా అడుగంచున బిరడా ఉన్న పెట్టెనే చూసుకోవాలి. మధ్యలో ఎత్తుగా బిరడా ఉన్నవాటిలో రెండు వేళ్ల లోతు మురికినీరు ఎప్పుడూ మిగిలిపోతుంది.

చేపలకు ఐసు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఉష్ణదేశాల్లో కిలో చేపకు కిలో ఐసు అన్నది చేపల వ్యాపారంలో స్థిరపడ్డ నియమం. 30 డిగ్రీల దగ్గరున్న కిలో చేపను సున్నాకు దించడానికే దాదాపు మూడో వంతు కిలో ఐసు పోతుంది, మిగిలిందే ప్రయాణానికి. గోదావరి పులసను రాజమండ్రి నుంచి హైదరాబాదు బంధువులకు పంపేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు, పైన మందంగా ఐసు పరిచి మూత చుట్టూ టేపు వేయడం అక్కడ సర్వసాధారణం. ఆ టేపు చేసేది రబ్బరు గాస్కెట్ చేసే పనే.

మందుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగి మామూలుగా కనిపించినా వాడకూడదు. అందుకే దాన్ని ఐసుకు ఆనించి పెట్టకుండా, గుడ్డలో చుట్టి విడి డబ్బాలో ఉంచాలి. టీకాల సిబ్బందికి ఇందుకో పద్ధతి నేర్పుతారు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను వెంటనే సర్దరు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెట్టెలో పెడతారు. నీళ్లు కదిలాయంటే ప్యాకు సున్నాకు చేరినట్టు, ఇక టీకాను గడ్డకట్టించే ప్రమాదం లేనట్టు. ఇన్సులిన్‌తో ప్రయాణించే ప్రతి ఇంటివారూ నేర్చుకోవలసిన పద్ధతి ఇది.

పెట్టెను ఎక్కడ ఉంచారన్నది కూడా కొనుగోలంత ముఖ్యమే. ఎండలో ముదురు రంగు మూత చుట్టూ ఉన్న గాలి కన్నా ఎంతో వేడెక్కుతుంది, కాబట్టి తెలుపో లేతరంగో మంచిది. అద్దాలు మూసిన కారులో, కాగిన సిమెంటు గచ్చు మీద పెట్టకూడదు. చెట్టు నీడలో, రెండు ఇటుకల మీదో చెక్క మీదో ఎత్తుగా, గాలి తగిలేలా ఉంచాలి. పైన తడిపిన గోనె సంచి కప్పడం పెద్దల నాటి అలవాటు, దానికి గట్టి శాస్త్రం ఉంది: నీరు ఆవిరవుతూ పెట్టె పైభాగం నుంచి వేడిని లాక్కుపోతుంది. ఆదిలాబాద్, నల్లగొండ లాంటి పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో నీరు త్వరగా ఆవిరి కాదు కాబట్టి లాభం తక్కువ.

కారు సాకెట్‌కు తగిలించే ఎలక్ట్రిక్ పెట్టెలు కూడా అంగళ్లలో కనిపిస్తున్నాయి. వాటిలో చవకరకాలు బయటి వేడి కన్నా 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. బయట 42 ఉంటే లోపల 22. సీసా చల్లగా తోస్తుంది కానీ ఐసు నిలవదు. కంప్రెసరు ఉన్నవి నిజమైన చిన్న ఫ్రిజ్‌లు. వాటి ధరా బరువూ వేరే. కొందరు డ్రై ఐసు వాడతారు. మైనస్ 78 డిగ్రీల ఆ సరుకు ఆవిరై కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలి చొరబడని పెట్టెలో బిగిస్తే పేలవచ్చు, మూసిన కారులో ఊపిరాడకపోవచ్చు, ఉత్త చేత్తో తాకితే చర్మం కాలుతుంది. పిల్లలతో ప్రయాణించే కుటుంబాలు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

కొన్న పెట్టె నాణ్యతను ఎవరైనా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 50 లీటర్ల పెట్టెను ముందురోజే చల్లబరచి ఖాళీ చేసి, 10 కిలోల ఐసు తూచి వేసి, మూత బిగించి నీడపట్టున ఉంచాలి. 24 గంటలు ముట్టుకోకూడదు. తర్వాత ఐసు పడకుండా నీటిని మాత్రం గిన్నెలోకి వంచి కొలవాలి. ఎన్ని లీటర్ల నీరొచ్చిందో దాదాపు అన్ని కిలోల ఐసు కరిగినట్టు. 4, 5 లీటర్ల దగ్గర ఆగితే కంపెనీ నురగకు డబ్బు పెట్టిందని అర్థం. 8, 9 దాటితే గోడ పలచనో, మూత డొల్లో, రబ్బరు వదులో అయి ఉండాలి.

ఈ పరీక్ష పెట్టె కొన్న వారంలోనే, వాపసు గడువు ఉండగానే చేయాలి. బిల్లు దాచుకోండి. పెట్టె ఇందులో నెగ్గకపోతే నీటి కొలత చెప్పి తిరిగిచ్చేయండి. అంతకన్నా ముందు, దుకాణదారుణ్ని రెండే మాటలు అడగండి: మూతలో పఫ్ ఉందా, చెప్పిన ఈ రోజులు ఎన్ని డిగ్రీల్లో? కొనేవాళ్లు అడగడం మొదలుపెడితేనే కంపెనీలు ఆ అంకెలను పెట్టె మీద అచ్చువేస్తాయి.